అమెరికా ప్రయాణంలో టిప్పు: ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఎలా

అమెరికాలో తొలిసారి రెస్టారెంట్‌లో భోంచేసిన వాళ్లకు మూడు అంకెలు కనిపిస్తాయి. మెనూలో ఒకటి, బిల్లులో ఒకటి, చివరికి కార్డులోంచి పోయింది ఇంకొకటి. మొదటి తేడా సేల్స్ ట్యాక్స్. రెండోది టిప్పు. ట్యాక్స్ ఎంతో బిల్లు మీద అచ్చయి ఉంటుంది కాబట్టి దాంతో గొడవ లేదు. టిప్పు దగ్గరే అందరూ తడబడతారు. కొందరు ఇవ్వాల్సిన చోట ఇవ్వకుండా లేచి వచ్చేస్తారు. ఇంకొందరు భయపడి, అడిగిన ప్రతి స్క్రీన్ మీదా 20 శాతం నొక్కేస్తారు. రెండూ పొరపాట్లే. ఎక్కడ టిప్పు ఒక మనిషి జీతంలో భాగమో, ఎక్కడ అది కేవలం యంత్రం అడిగే ప్రశ్నో తేడా తెలిస్తే మిగతాదంతా చిన్న లెక్కే.

ముందుగా: ఈ పద్ధతి ఎందుకుందో తెలుసుకోండి

ఇది చదవకుండా అంకెల దగ్గరికి వెళ్లకండి. కారణం తెలియకపోతే టిప్పు ఇచ్చిన ప్రతిసారీ ఎవరో మన దగ్గర గుంజుకున్నట్టే అనిపిస్తుంది.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి అది మారలేదు. అయితే టిప్పుల మీద బతికే పనివాళ్లకు యజమాని నేరుగా ఇవ్వాల్సింది గంటకు 2.13 డాలర్లు మాత్రమే. ఈ అంకె 1991 నుంచి అక్కడే ఆగిపోయింది. మిగతా 5.12 డాలర్లు టిప్పుల రూపంలో వస్తాయని చట్టమే లెక్క వేసుకుంది. రాకపోతే ఆ లోటు యజమాని పూడ్చాలి. కానీ ఎలా చూసినా సర్వర్ ఇల్లు నడిచేది మీరు బల్ల మీద వదిలే డబ్బుతోనే. టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాల్లో ఇప్పటికీ ఇదే 2.13 నడుస్తోంది.

అన్నిచోట్లా ఇలా లేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్, నెవాడా, మోంటానా, మిన్నెసోటా, అలాస్కా రాష్ట్రాల్లో టిప్పులతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి. కాలిఫోర్నియాలో అది గంటకు 16 డాలర్లు దాటింది. అయినా అక్కడ టిప్పు శాతం తగ్గలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలోనూ హ్యూస్టన్‌లోనూ ఒకే శాతం ఆశిస్తారు. ఇది న్యాయమా అని నన్నడిగితే, వేతనం చట్టంలో ఉండాలి, కస్టమర్ మనసులో కాదు అంటాను. కానీ ఆ మార్పు తేవాల్సిన భారం మన బల్ల దగ్గర నిలబడిన సర్వర్ మీద పెట్టడం తప్పు.

ఈ అలవాటు వెనక బాధాకరమైన చరిత్ర ఉంది. అంతర్యుద్ధం తర్వాత పుల్‌మన్ కంపెనీ తన స్లీపర్ రైలు పెట్టెల్లో పనికి, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివాళ్లను అతి తక్కువ జీతానికి పెట్టుకుంది. మిగతాది ప్రయాణికులే ఇస్తారని వదిలేసింది. ఆ పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం పెట్టుకుని, కంపెనీతో ఒప్పందం కుదుర్చుకోవడానికి 1937 దాకా పోరాడాల్సి వచ్చింది.

బయల్దేరే ముందు: చిన్న నోట్లు, పెద్ద లెక్క

బడ్జెట్ వేసుకునేటప్పుడు మెనూ ధరకు 30 శాతం కలుపుకోండి. ట్యాక్స్, టిప్పు రెండూ అందులో సర్దుకుంటాయి. నలుగురున్న కుటుంబం వారంపాటు బయట తింటే ఈ 30 శాతం చిన్న మొత్తమేమీ కాదు. ముందే అనుకుని ఉంటే అక్కడ చెయ్యి వణకదు.

నగదు తీసుకునేటప్పుడు 1, 5 డాలర్ల నోట్లు కావాలని అడగండి. ఒక డాలర్ నోట్లు కనీసం ఇరవై చేతిలో ఉండాలి. మార్పిడి కౌంటర్లు సాధారణంగా పెద్ద నోట్లే ఇస్తాయి, అక్కడి ఏటీఎంలు ఎక్కువగా ఇరవైలే ఇస్తాయి. ఇరవై డాలర్ల నోటు పట్టుకుని సామాను మోసినవాడి ముందు నిలబడితే ఇద్దరికీ ఇబ్బందే. దిగాక అయినా హోటల్ రిసెప్షన్‌లో అడిగితే మార్చి ఇస్తారు.

ఇంకో సంగతి. అమెరికా నోట్లన్నీ ఒకే కొలతలో ఉంటాయి, రంగులోనూ పెద్ద తేడా ఉండదు. చీకట్లో కారు దిగుతూ ఒకటి అనుకుని యాభై ఇచ్చేయడం కష్టమేమీ కాదు. ఒకటి, ఐదు నోట్లను వేరే జేబులో పెట్టుకోండి. చిల్లర నాణేలు మాత్రం టిప్పుగా ఇవ్వకండి. బల్ల మీద నాలుగు పెన్నీలు వదిలితే దాన్ని అవమానంగానే తీసుకుంటారు.

దిగగానే: వీల్‌చెయిర్, షటిల్, ట్యాక్సీ

పెద్దవాళ్ల కోసం ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ పెట్టించుకునే కుటుంబాలు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవాలి. అమెరికాకు వచ్చే, పోయే విమానాల్లో వీల్‌చెయిర్ సాయానికి ఎయిర్‌లైన్ డబ్బు వసూలు చేయకూడదు. అది చట్టం. తోసేవాళ్లు టిప్పు కోసం ఒత్తిడి చేయకూడదు. అందుకని టిప్పు ఇవ్వాలన్న నియమమేమీ లేదు. అయినా చాలామంది ఇస్తారు, ఇవ్వడం మంచిదని నేనూ అంటాను. విమానం తలుపు దగ్గర ఎక్కించుకుని, ఇమిగ్రేషన్ వరస దాటించి, బెల్టు మీంచి పెట్టెలు దించి, బయట ఎదురుచూస్తున్న వాళ్లకు అప్పగించేదాకా ఒక్కోసారి గంటకు పైగా పడుతుంది. 5 నుంచి 10 డాలర్లు ఇస్తే బాగుంటుంది. పెట్టెలు ఎక్కువుంటే ఇంకొంచెం.

అమ్మానాన్నలు ఒంటరిగా వస్తుంటే వాళ్ల చేతికి రెండు ఐదు డాలర్ల నోట్లు ముందే ఇచ్చి పంపండి. దారి మధ్యలో మనిషి మారితే ఆ ఇద్దరికీ చెరొకటి ఇవ్వచ్చు. ఎవరైనా ఇంతివ్వు అని గట్టిగా అడిగితే ఇవ్వనక్కర్లేదని, భయపడనక్కర్లేదని కూడా చెప్పి పంపండి. భాష రాని చోట పెద్దవాళ్లు ఇలాంటి సందర్భంలోనే ఎక్కువగా కంగారుపడతారు.

హోటల్ వాళ్లు నడిపే ఉచిత షటిల్‌లో డ్రైవర్ మీ పెట్టెలు ఎత్తి పెడితే పెట్టెకు 1 లేదా 2 డాలర్లు. ట్యాక్సీకి మీటర్ మీద 15 నుంచి 20 శాతం. న్యూయార్క్ పసుపు ట్యాక్సీలో కార్డుతో చెల్లిస్తే స్క్రీన్ 20, 25, 30 శాతం బటన్లు చూపిస్తుంది. వాటిలోనే ఏదో ఒకటి నొక్కాలనేం లేదు, మీకు నచ్చిన అంకె వేసుకునే దారి కూడా ఉంటుంది. ఉబర్, లిఫ్ట్‌లలో దిగాక యాప్ అడుగుతుంది. అక్కడ అంత పట్టింపు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి, బరువైన పెట్టెలు ఎత్తినవాళ్లకు మాత్రం తప్పకుండా ఇవ్వండి.

బస చేసే హోటల్లో

తలుపు దగ్గర నిలబడినవాళ్లకు ఊరికే ఇవ్వనక్కర్లేదు. సామాను గదిదాకా మోస్తే పెట్టెకు 1 నుంచి 2 డాలర్లు. కారును వాలే పార్కింగ్‌కు ఇస్తే, తిరిగి తెచ్చి ఇచ్చినప్పుడు 2 నుంచి 5 డాలర్లు. పార్కింగ్ ఫీజు హోటల్‌కు పోతుంది, అది వేరు.

గది శుభ్రం చేసేవాళ్లను చాలామంది మర్చిపోతారు. వాళ్లు కంటికి కనిపించరు, రసీదు తేరు, స్క్రీన్ చూపించరు. హోటల్లో అందరికంటే ఒళ్లు హూనమయ్యే పని వాళ్లదే. రోజుకు 3 నుంచి 5 డాలర్లు పెట్టండి. చివరి రోజు ఒకేసారి కాకుండా ఏ రోజుకారోజు పెట్టాలి. నిన్న మీ పక్క సర్దిన మనిషి రేపు సెలవులో ఉండొచ్చు. డబ్బు ఊరికే బల్ల మీద ఉంటే మీరు మర్చిపోయారేమోనని ముట్టుకోరు. ఒక కాగితం మీద ‘హౌస్‌కీపింగ్, థాంక్యూ’ అని రాసి దాని కింద పెట్టండి. ఈమధ్య చాలా హోటళ్లు అడిగితే తప్ప రోజూ గది శుభ్రం చేయడం లేదు. చేయని రోజు పెట్టనక్కర్లేదు. ఖాళీ చేసే రోజు మాత్రం పెట్టండి, ఎందుకంటే ఆ రోజు పనే అన్నిటికంటే ఎక్కువ.

రూమ్ సర్వీస్ బిల్లులో సర్వీస్ చార్జ్ చాలాసార్లు ముందే కలిపి ఉంటుంది. చూసుకుని సంతకం పెట్టండి. రిసార్ట్ ఫీ అని కనిపించేది టిప్పు కాదు, అది పూర్తిగా హోటల్‌దే.

రెస్టారెంట్‌లో: అసలు పరీక్ష ఇక్కడే

మీరు కూర్చుంటే సర్వర్ వచ్చి ఆర్డర్ తీసుకుని వడ్డించే రెస్టారెంట్లలో టిప్పు ఐచ్ఛికమని కాగితం మీద మాత్రమే అనుకోవాలి. 18 నుంచి 20 శాతం మామూలు. 15 శాతం అంటే సేవ పర్వాలేదు, గొప్పగా లేదు అని అర్థం. ఆ డబ్బు ఆర్డర్ తీసుకున్న ఒక్కరికే పోదు. చాలాచోట్ల సర్వర్ తన రోజు అమ్మకాల్లో కొంత శాతం లెక్కన బల్లలు తుడిచేవాళ్లకు, బార్‌లో ఉన్నవాళ్లకు పంచాలి. మీరు ఏమీ ఇవ్వకపోయినా మీ బల్ల అమ్మకం ఆ లెక్కలోకి వస్తుంది. అంటే ఆ వాటా సర్వర్ మిగతా టిప్పుల్లోంచి పోతుంది.

బిల్లు రాగానే ఈ వరసలో చూడండి.

1. ముందు మొత్తం కాకుండా వివరాలు చదవండి. ‘గ్రాట్యుటీ’ (అక్కడ టిప్పుకు ఇంకో పేరు), ‘సర్వీస్ చార్జ్’ అన్న మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి. ఆరుగురో అంతకంటే ఎక్కువమందో కూర్చుంటే 18 లేదా 20 శాతం ముందే కలిపేయడం మామూలు. మయామీ బీచ్ లాంటి పర్యాటక చోట్ల ఇద్దరికే కలిపేస్తారు. అలా కలుపుతున్నట్టు ముందే తెలియజేయాలని ఫ్లోరిడాలో చట్టం ఉంది, కాబట్టి మెనూ అడుగున చిన్న అక్షరాలు చూడండి.

2. ముందే కలిపి ఉంటే మళ్లీ ఇవ్వనక్కర్లేదు. కింద ‘అడిషనల్ టిప్’ అని ఖాళీ గీత ఉంటుంది. అది చూసి మళ్లీ 20 శాతం రాసినవాళ్లు 40 శాతం చెల్లించినట్టే. బిల్లులో గ్రాట్యుటీ బదులు సర్వీస్ చార్జ్ అని ఉంటే, ‘ఇది మీకే వస్తుందా?’ అని సర్వర్‌ను మర్యాదగా అడగండి. తప్పనిసరిగా వేసిన చార్జ్‌ను అక్కడి పన్ను చట్టం టిప్పుగా చూడదు, అది సంస్థ ఆదాయం. కస్టమర్ ఇష్టపూర్వకంగా ఇచ్చిన టిప్పు మాత్రం పనివాళ్లదే. యజమాని గానీ మేనేజర్ గానీ దాన్ని ఉంచుకోకూడదని 2018లో ఫెడరల్ చట్టాన్ని సవరించారు.

3. శాతం ట్యాక్స్‌కు ముందున్న మొత్తం మీద లెక్కకట్టండి. న్యూయార్క్ నగరంలో సేల్స్ ట్యాక్స్ 8.875 శాతం. తిన్నది 64 డాలర్లయితే ట్యాక్స్ 5.68, మొత్తం 69.68. 64 మీద 20 శాతం అంటే 12.80. దశాంశాన్ని ఒక స్థానం ఎడమకు జరిపితే 6.40, దాన్ని రెట్టింపు చేస్తే 12.80. ఇంతకంటే లెక్క అక్కర్లేదు. న్యూయార్క్‌లో ఇంకా తేలిక దారి, ట్యాక్స్‌ను రెట్టింపు చేయడం: 11.36, అంటే దాదాపు 18 శాతం. ఈ చిట్కా అన్నిచోట్లా పనికిరాదు. ఒరెగాన్‌లోనూ మోంటానాలోనూ రాష్ట్ర సేల్స్ ట్యాక్సే లేదు.

4. కూపన్‌తో ధర తగ్గితే తగ్గకముందున్న ధర మీద టిప్పు ఇవ్వండి. తగ్గింది ధరే కానీ సర్వర్ పని తగ్గలేదు.

ఇప్పుడు కార్డు సంగతి. సర్వర్ ఒక చిన్న ఫోల్డర్‌లో బిల్లు పెట్టి వెళ్తారు. అందులో కార్డు పెడితే తీసుకెళ్లి గీకి, రెండు రసీదులతో తిరిగి తెస్తారు. కార్డు కళ్లముందు నుంచి పోయిందని కంగారుపడకండి, అక్కడ ఇది మామూలే. ఇప్పుడు చాలాచోట్ల యంత్రమే బల్ల దగ్గరికి వస్తోంది. రసీదు మీద ‘టిప్’ అన్న గీత దగ్గర 12.80, ‘టోటల్’ దగ్గర 82.48 రాసి సంతకం పెట్టండి. టోటల్ ఖాళీగా వదలకండి. ‘మర్చంట్ కాపీ’ అని ఉన్నది బల్ల మీద వదిలి, రెండోది మీరు తీసుకోండి. టిప్పు నగదుగా ఇవ్వాలనుకుంటే టిప్ గీత దగ్గర ‘క్యాష్’ అని రాసి, టోటల్ దగ్గర 69.68 వేయండి.

విదేశీ కార్డు వాడేవాళ్లను ఒక విషయం బాగా భయపెడుతుంది. భోంచేసిన వెంటనే ఫోన్‌కు 69.68 అని మెసేజ్ వస్తుంది. రెండు మూడు రోజుల తర్వాత స్టేట్‌మెంట్‌లో 82.48 కనిపిస్తుంది. ఇది మోసం కాదు. గీకినప్పుడు టిప్పు లేకుండా మొత్తాన్ని పట్టి ఉంచుతారు, మీరు రాసింది చూసి రెస్టారెంట్ తర్వాత కలుపుతుంది. అందుకే మీ కాపీని స్టేట్‌మెంట్ వచ్చేదాకా పారేయకండి. మీరు రాసిన అంకెకు, వచ్చిన అంకెకు తేడా ఉంటే బ్యాంకుకు చూపించడానికి ఆ కాగితమే ఆధారం.

బఫేలో మీరే వడ్డించుకున్నా, ప్లేట్లు తీసేవాళ్లు, నీళ్లు, డ్రింకులు తెచ్చేవాళ్లు ఉంటారు. 10 శాతం వదలండి. బార్‌లో అయితే గ్లాసుకు 1 లేదా 2 డాలర్లు.

కౌంటర్ దగ్గర తిప్పే స్క్రీన్

కాఫీ కప్పు ఒకటి కొంటారు. అవతలి మనిషి ట్యాబ్లెట్‌ను మీ వైపు తిప్పి చూస్తుంటారు. 18, 20, 25 అని మూడు పెద్ద బటన్లు, మూలన చిన్న అక్షరాల్లో ‘నో టిప్’. వెనక వరస కట్టిన జనం. సిగ్గుపడి 25 నొక్కే క్షణం ఇదే.

ఇక్కడ ధైర్యంగా ఉండండి. నిలబడి కొనుక్కుని వెళ్లిపోయే చోట టిప్పు పూర్తిగా మీ ఇష్టం. నొక్కకపోతే ఎవరూ ఏమీ అనరు. ప్రత్యేకంగా చేయించుకున్న కాఫీకి ఒక డాలర్ వేస్తే మంచి మర్యాద. ప్యాక్ చేసి ఉన్న నీళ్ల బాటిల్ తీసుకుంటే ఏమీ అక్కర్లేదు. ఫాస్ట్ ఫుడ్ చోట్ల అసలు లేదు. స్క్రీన్ చూపించే శాతాలు చాలాసార్లు ట్యాక్స్ కలిపిన మొత్తం మీద లెక్కకట్టినవని గుర్తుంచుకోండి. ‘కస్టమ్’ నొక్కి మీ అంకె మీరు వేసుకోవచ్చు.

ఇంటికి తెప్పించుకునే భోజనం సంగతి వేరు. యాప్‌లో కనిపించే ‘డెలివరీ ఫీ’ తెచ్చినవాళ్లకు ఇచ్చే టిప్పు కాదు. 15 నుంచి 20 శాతం, చిన్న ఆర్డరైనా 5 డాలర్లకు తగ్గకుండా ఇవ్వండి. మంచులోనో వానలోనో వస్తే ఇంకొంచెం.

టూర్లు, సెలూన్లు

గ్రాండ్ కాన్యన్‌కో నయాగరాకో వ్యాన్‌లో తీసుకెళ్లే రోజంతా టూర్లలో గైడ్‌కు టికెట్ ధర మీద 15 నుంచి 20 శాతం లెక్క. డ్రైవర్ వేరేగా ఉంటే ఆయనకూ కొంత ఇవ్వాలి. ‘ఉచిత’ వాకింగ్ టూర్ అని ఉంటే అక్కడ గైడ్ సంపాదన దాదాపు మొత్తం టిప్పే, కాబట్టి మనిషికి కనీసం 10 డాలర్లు పెట్టుకుని వెళ్లండి. జుట్టు కత్తిరించుకుంటే 15 నుంచి 20 శాతం.

ఎక్కడ ఇవ్వకూడదు

ఇమిగ్రేషన్, కస్టమ్స్ అధికారులు, పోలీసులు, ఎయిర్‌పోర్టు భద్రతా సిబ్బందికి డబ్బు చూపించడం కూడా ప్రమాదం. అది టిప్పు కాదు, లంచం కిందికి వస్తుంది, కేసవుతుంది. నేషనల్ పార్కుల్లో ఎంతో ఆప్యాయంగా అన్నీ చెప్పే రేంజర్లు ఫెడరల్ ఉద్యోగులు, వాళ్లు డబ్బు తీసుకోకూడదు. నోటితో థాంక్యూ చెప్తే చాలు. డాక్టర్లు, నర్సులు, సిటీ బస్సు డ్రైవర్లు, షాపుల్లో క్యాషియర్లకు ఇచ్చే అలవాటు లేదు.

సేవ బాగాలేకపోతే

ఎవరి తప్పో ముందు చూడండి. వంట ఆలస్యమైతే, కూర ఉప్పగా ఉంటే తప్పు వంటగదిది. దానికి సర్వర్ టిప్పు కోయడం న్యాయం కాదు. సర్వరే పట్టించుకోకపోతే, దురుసుగా ఉంటే లేచి వెళ్లే ముందు మేనేజర్‌ను పిలిచి చెప్పండి. చాలాచోట్ల వెంటనే ఏదో ఒకటి సరిచేస్తారు. తర్వాత 10 శాతం వదిలితే మీ అసంతృప్తి అర్థమవుతుంది. మాట మాట్లాడకుండా సున్నా వదిలి వెళ్తే, విదేశీయులకు పద్ధతి తెలియదనుకుంటారు తప్ప తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు. నిజంగా అవమానించారంటే సున్నాయే సరి, అప్పుడు కూడా కారణం చెప్పండి.

తిరుగు ప్రయాణం రోజు

పొద్దున గదిలో హౌస్‌కీపింగ్ డబ్బు పెట్టాక మిగిలిన ఒకట్లు, ఐదులు లెక్కపెట్టుకోండి. కారు తెచ్చిచ్చేవాళ్లకు, ఎయిర్‌పోర్టు బయట పెట్టెలు దించేవాళ్లకు సరిపోతాయి. పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ ఉంటే, దాన్ని తోసే మనిషికివ్వాల్సిన నోటును పర్సులో కాకుండా పాస్‌పోర్టు కవర్లో పెట్టండి. సెక్యూరిటీ దగ్గర పర్సు ట్రేలోకి పోతుంది, బ్యాగు అడుగుకు చేరుతుంది. గేటు దగ్గర దింపిన మనిషికి ఇంకో ప్రయాణికుడి పిలుపు వచ్చేసి ఉంటుంది. మీరు బ్యాగు జిప్పు తీసేలోపే వెళ్లిపోతారు.